వృత్తాన్ని భాగించిన మనిషి: జెస్సీ రామ్స్‌డెన్

సీఎన్సీ మెషీన్‌లో మూడు యాక్సిస్‌లు మిల్లీమీటర్లలో నడుస్తాయి. నాలుగోది తగిలించామంటే అది డిగ్రీల్లో తిరుగుతుంది. తిరకాసు అక్కడే మొదలవుతుంది.

మనలాంటి వాళ్ళం కొనగలిగే రోటరీ యాక్సిస్‌లో ఒక స్టెప్పర్ మోటారు, ఒక బెల్టు, ఒక మూడు దవడల చక్, అవతలి కొసన టెయిల్‌స్టాక్ ఉంటాయి. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవర్‌లో పదహారో వంతు మైక్రోస్టెప్ పెడితే 3200. బెల్టు రిడక్షన్ 6కి 1 అయితే చక్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి 19,200. దీన్ని 360తో భాగించండి. 53.333... అని వస్తుంది, ఆ మూళ్ళు ఆగవు. సెట్టింగ్స్‌లో 53.33 అని కొట్టి వదిలేస్తే చుట్టుకు స్టెప్పూ పావు దాకా తగ్గుతుంది, అంటే 0.0225 డిగ్రీ. ఒక చుట్టుకి ఇది ఎవరి కంటికీ ఆనదు. కానీ మెలి తిరిగే గాడి ఒకటి ఆపకుండా వంద చుట్లు కోశారనుకోండి, తేడా 2.25 డిగ్రీలకు చేరుతుంది. 12 మిల్లీమీటర్ల లావున్న పెన్ను బ్యారెల్ మీద అది పావు మిల్లీమీటరుకు దగ్గర. మొదటి పాస్‌లో పడిన గాడి మీద రెండో పాస్ పడదు.

పెన్ను అని ఊరికే అనలేదు. రాజమండ్రిలో ఉంటూ గుండ్రటి వస్తువు ఏదైనా చెయ్యాలనుకుంటే మొదట గుర్తొచ్చేది రత్నం పెన్నే కదా. 1930ల నుంచి ఈ ఊళ్ళో ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి, మరలు కోసి, పాలిష్ పట్టి పెన్నులు చేస్తున్నారు. మేం నలుగురం ఈ సెమిస్టర్‌లో పెట్టుకున్న పని, అలాంటి ఎబొనైటు బ్యారెల్ మీద మెలికల డిజైన్ తియ్యడం. దానికే నాలుగో యాక్సిస్. ఆ 53.333 దగ్గర కూర్చున్నప్పుడు, అసలు ఒక గుండ్రాన్ని సమానంగా భాగించడం ఎవరు మొదలుపెట్టారా అని చదువుకుంటూ పోయాను. జెస్సీ రామ్స్‌డెన్ దగ్గర ఆగాను. ఆయన 2160 అనే అంకెను ఎంచుకున్నాడు. అది ఎందుకో అర్థమైన రోజు ఈ వ్యాసం రాయాలనిపించింది.

రామ్స్‌డెన్ 1735 అక్టోబరులో ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ పక్కన సాల్టర్‌హెబుల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రికి ఒక సత్రం ఉండేది. హాలిఫాక్స్ అంటే ఉన్ని బట్టల ఊరు. పిల్లాడు కొన్నాళ్ళు ఊరి బడికి వెళ్ళాడు, తర్వాత బంధువుల ఇంట ఉండి ఒక పాదిరీ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. అంతే చదువు. ఆపైన బట్టల పనిలో అప్రెంటిస్‌గా పెట్టారు. ఇరవయ్యో ఏట, 1755లో లండన్ వెళ్ళి ఒక బట్టల గోదాములో గుమాస్తా అయ్యాడు. మన లెక్కన బీటెక్ మూడో సంవత్సరం వయసు. అప్పటికి ఇత్తడి పని ముట్టుకోలేదు.

రెండు మూడేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి, స్ట్రాండ్ దగ్గర గణిత పరికరాలు చేసే బర్టన్ అనే ఆయన దగ్గర మళ్ళీ మొదటి నుంచి అప్రెంటిస్‌గా చేరాడు. ఆ రోజుల్లో ఆ పనిలోకి పన్నెండు, పద్నాలుగేళ్ళకే వచ్చేవారు. ఈయన తనకంటే పదేళ్ళు చిన్న పిల్లల పక్కన కూర్చుని రేకు మీద గీతలు గీయడం నేర్చుకున్నాడు. వింతేమిటంటే ఆనాటి లండన్‌లో చేత్తో గీతలు గీయడంలో మేటి అనిపించుకున్న జాన్ బర్డ్ కూడా ఒకప్పుడు నేతగాడే. మగ్గం మీద దారాలు లెక్కపెట్టిన వాళ్ళకి ఈ పని బాగా పట్టుబడుతుందేమో అని నాకో అనుమానం. ఋజువేమీ లేదు.

1760ల మొదట్లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. త్వరలోనే చెయ్యి మంచిదని పేరొచ్చింది, పెద్ద దుకాణాల వాళ్ళు తమ పరికరాల మీద గీతలు గీయించుకోడానికి ఆయన దగ్గరికే పంపేవారు. అలా పరిచయమైన దుకాణాల్లో డాలండ్‌ల కుటుంబం ఒకటి. రంగులు చీలకుండా బొమ్మ చూపించే అక్రోమాటిక్ కటకాల మీద పేటెంట్ వాళ్ళదే. 1760ల నడుమ జాన్ డాలండ్ కూతురు సారాను పెళ్ళాడాడు, ఆమెతో ఆ పేటెంట్‌లో వాటా వచ్చింది. కాపురం మటుకు చివరిదాకా కలిసి సాగలేదు, తర్వాతి కాలంలో ఇద్దరూ వేరుగానే ఉన్నారు. దుకాణం హేమార్కెట్ నుంచి పిక్కడిల్లీకి మారింది. అక్కడే చివరిదాకా.

ఇప్పుడు అసలు కథ. సముద్రం మీద ఓడ ఎక్కడుందో తెలియాలంటే అక్షాంశం, రేఖాంశం రెండూ కావాలి. అక్షాంశం తేలిక, సూర్యుడి ఎత్తు కొలిస్తే చాలు. రేఖాంశానికి చంద్రుడికీ ఒక నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి, పట్టికలు చూసి, గ్రీనిచ్‌లో టైమెంతో లెక్కగట్టే పద్ధతి అప్పుడే వాడుకలోకి వస్తోంది. చంద్రుడు నక్షత్రాల మధ్య గంటకి సుమారు అర డిగ్రీ కదులుతాడు. కాబట్టి కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తప్పితే టైములో రెండు నిమిషాలు తప్పుతుంది. రేఖాంశంలో అర డిగ్రీ. భూమధ్యరేఖ దగ్గర అది 55 కిలోమీటర్లు. మన కొలతలో చెప్పాలంటే, రాజమండ్రి అనుకున్న చోటు దాదాపు కాకినాడ అయిపోతుంది. ఆ రోజుల్లో కోరంగి రేవుకి చేరాలనుకున్న ఓడకి ఈ తేడా అంటే ఇసుక మేటల్లో ఇరుక్కోవడమే.

ఆ కోణం కొలిచేది సెక్స్టెంట్. దాని ఇత్తడి చాపం మీద గీతలు సమానంగా లేకపోతే ఎంత గొప్ప నావికుడైనా చేసేదేం లేదు. ఆ గీతల్ని అప్పటిదాకా చేత్తో గీసేవారు, కంపాసుతో సగం చేసి, మళ్ళీ సగం చేసి. బర్డ్ లాంటివాడు గీస్తే అద్భుతంగా ఉండేది, కానీ రోజులు పట్టేది. గదిలో వేడి మారితే ఇత్తడి సాగుతుంది, పక్కన మనిషి నిలబడినా ఆ వేడి లెక్కలోకి వస్తుంది. ప్రతి ఓడకీ ఒక బర్డ్ ఎక్కడ దొరుకుతాడు? చిన్న సెక్స్టెంట్లు చవగ్గా, సరిగ్గా కావాలి. ఆ పని మనిషి చెయ్యి నుంచి యంత్రానికి మారాలి.

రామ్స్‌డెన్ మొదటి యంత్రం 1760ల చివర్లో తయారైంది, 30 అంగుళాల చక్రంతో. మామూలు పరికరాలకి పనికొచ్చింది గానీ సముద్రానికి చాలదని ఆయనకే తెలిసింది. దాన్ని తర్వాత పారిస్‌లో బోషార్ ద సారోన్ అనే న్యాయాధికారి కొనుక్కున్నాడు. ఒక బల్లలో దాచి దొంగచాటుగా దాటించాడని అంటారు. పారిస్ విప్లవంలో ఆ పెద్దమనిషి తల పోయింది, యంత్రం మిగిలింది.

రెండోది 1775 నాటికి సిద్ధమైంది. దీన్నే చరిత్రలో డివైడింగ్ ఇంజన్ అంటారు. ఇంజన్ అంటే ఆవిరి కాదు, కాలితో తొక్కితే తిరిగేది. గంటలు పోసే కంచుతో చేసిన 45 అంగుళాల చక్రం బల్లలా పడుకుని ఉంటుంది. అంచున 2160 పళ్ళు. ఆ పళ్ళలో ఒక ఉక్కు మర అడ్డంగా కూర్చుంటుంది, మనం వార్మ్ గేరు అనేది అదే. భాగించాల్సిన సెక్స్టెంట్‌ని చక్రం మీద బిగిస్తారు. కాలితో ఒక తొక్కు తొక్కితే మర కావలసినంత తిరిగి ఆగుతుంది, పైనున్న సూది ఒక గీత గీస్తుంది. మళ్ళీ తొక్కు, మళ్ళీ గీత.

2160 ఎందుకు? 360 డిగ్రీలంటే 21,600 నిమిషాలు. 2160 పళ్ళుంటే మర ఒక చుట్టుకి సరిగ్గా 10 నిమిషాలు. మర తలకి ఉన్న బిళ్ళని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం 10 సెకన్లు. ఎక్కడా దశాంశం రాదు, మిగులు లేదు. మన 53.333 లాంటి సంఖ్య ఆయన ఇంటి గుమ్మం తొక్కలేదన్నమాట. ఇంకో సరదా చూడండి. 2160 అంటే 6 సార్లు 360. మా 3200 స్టెప్పుల మోటారుని ఊహకి ఆయన మరకి తగిలిస్తే డిగ్రీకి సరిగ్గా 19,200 స్టెప్పులు వస్తాయి. మా చక్ పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని స్టెప్పులో, ఆయన చక్రం ఒక్క డిగ్రీ కదలడానికి అన్ని.

ఆ 10 సెకన్లు ఎంత సన్నమో కూడా చెప్పాలి. 45 అంగుళాల చక్రం అంచున అది 0.028 మిల్లీమీటరు. తలవెంట్రుక అంతకంటే లావు. గోదావరి మీద మన రైలు బ్రిడ్జి సుమారు 2.7 కిలోమీటర్లు కదా, కొవ్వూరు గట్టు మీద నుంచి ఇటు గురి చూసి 10 సెకన్లు తప్పితే ఇవతల జానెడు కూడా ఉండదు తేడా, 13 సెంటీమీటర్లు. ఒక నిమిషం తప్పితే ముప్పావు మీటరు.

సరే, సమానమైన పళ్ళ చక్రం ఉంటే సమానమైన గీతలు గీయొచ్చు. మరి మొదటి చక్రానికి సమానమైన పళ్ళు ఎలా కోస్తారు? కాపీ కొట్టడానికి ఎక్కడా అసలు ప్రతి లేదు. ఈ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. ఆయన చక్రం మీద ఒక వలయం గీసి మొదట 5 భాగాలు చేశాడు, ఒక్కోదాన్ని 3 చేశాడు, తర్వాత నాలుగుసార్లు సగం చేసుకుంటూ పోయాడు. 240 భాగాలయ్యాయి, భాగానికి 9 పళ్ళు. అక్కడ ఆగి పళ్ళు కోసేయొచ్చు. ఆగలేదు. ఆ వలయానికి కొంచెం లోపల ఇంకో వలయం గీసి దాన్ని వేరే దారిలో భాగించాడు. ఈసారి ఐదులూ మూడులూ లేకుండా ఉత్తి సగాలే. 2160 పళ్ళలో సగం 1080, దాన్లో సగం 540, 270, 135, అలా. రెండు దారుల్లో వచ్చిన గీతలు కలవాల్సిన చోట కలుస్తున్నాయా అని పైన ఒక సన్నటి తీగ పెట్టి చూశాడు. కలిశాయి. అప్పుడు, పళ్ళలా గాట్లు పెట్టిన ఉక్కు మరతో, 9 చుట్లకి ఒక గీత చొప్పున సరిచూసుకుంటూ అంచుని కోశాడు. ఒకసారి చుట్టి వచ్చి వదల్లేదు, మళ్ళీ మళ్ళీ తిప్పుతూ పళ్ళన్నీ ఒకదాన్నొకటి సరిచేసుకునేదాకా కోశాడు.

వృత్తానికున్న గొప్ప సుగుణం అదే. సరళరేఖకి చివర ఎక్కడో తెలియదు, వృత్తం తిరిగి మొదటికి వస్తుంది. తప్పు ఉంటే చివరి పన్ను దగ్గర బయటపడి తీరుతుంది. మా మెషీన్ మీద కూడా డిగ్రీకి స్టెప్పులు సరిపోయాయో లేదో చూడడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. చక్ మీద సన్నటి గీత పెట్టి, పది చుట్లు ఒకే వైపు తిప్పమని కమాండ్ ఇచ్చి, గీత మొదటి చోటికి వచ్చిందా అని చూడడమే. ఒకే వైపు అనడం ముఖ్యం. పళ్ళకీ మరకీ మధ్య ఎంతో కొంత ఆట ఉంటుంది, మన వాళ్ళు ప్లే అంటారు, వెనక్కి తిప్పితే ఆ ఆట లెక్కలోకి దూరుతుంది. రామ్స్‌డెన్ యంత్రంలో తొక్కుడు ముందుకి మాత్రమే పని చేస్తుంది. పెడల్ వెనక్కి వచ్చేటప్పుడు మర కదలకుండా రాచెట్ ఉంది.

ఈ యంత్రం మీద ఒక సెక్స్టెంట్ చాపం భాగించడానికి అరగంట చాలు. బర్డ్ లాంటి చెయ్యి అక్కర్లేదు, జాగ్రత్తగా తొక్కే కుర్రాడుంటే సరిపోతుంది.

రేఖాంశం సమస్య చూసుకోడానికి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన బోర్డ్ ఆఫ్ లాంగిట్యూడ్ ఆయనకి 615 పౌండ్లు ఇచ్చింది. అందులో 300 కనిపెట్టినందుకు, 315 యంత్రాన్ని ప్రభుత్వానికి రాసిచ్చినందుకు. యంత్రం ఆయన దుకాణంలోనే ఉంటుంది, కానీ షరతులున్నాయి. ఎలా చేశాడో పూర్తిగా బొమ్మలతో సహా అచ్చు వేయించాలి, ఇతర పనివాళ్ళకి నేర్పాలి, వేరే దుకాణాల వాళ్ళు తెచ్చే పరికరాల్ని నిర్ణయించిన రేటుకి భాగించి ఇవ్వాలి. రాజ ఖగోళవేత్త మాస్కెలిన్ చూసిపెట్టగా 1777లో ఆ పుస్తకం వచ్చింది. పోటీ దుకాణాల వాళ్ళు అది చదివి తమ యంత్రాలు కట్టుకున్నారు. మనం వాడే సీఎన్సీ ఫర్మ్‌వేర్ ఎవరో రాసి ఊరికే పెట్టారు కాబట్టి ఇవాళ హాస్టల్ గదిలో మెషీన్ నడుస్తోంది. అప్పట్లో ఒక ప్రభుత్వం డబ్బిచ్చి మరీ ఆ పని చేయించింది. దుకాణం రహస్యమే ఆస్తి అయిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. రామ్స్‌డెన్‌కి నష్టమేమీ రాలేదు కూడా. 1789 నాటికి ఆయన దుకాణం నుంచి బయటికెళ్ళిన సెక్స్టెంట్లు వెయ్యికి దగ్గరపడ్డాయి.

దుకాణంలో ఓ యాభై, అరవై మంది పనివాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో రకం పని, ఆ పనే రోజూ. యజమాని మటుకు యజమానిలా ఉండేవాడు కాదని చూసినవాళ్ళందరూ రాశారు. సాయంత్రాలు వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఒక పక్క పిల్లి, బల్ల మీద రొట్టె, వెన్న, ఒక ముంత బీరు. చుట్టూ అప్రెంటిస్‌లు. ఈల వేస్తూ, పాడుకుంటూ కొత్త పరికరం బొమ్మ గీసేవాడు. గీసిన బొమ్మ ప్రకారం తయారై వచ్చాక నచ్చకపోతే, ఎవర్నీ కోప్పడకుండా, ఇది మళ్ళీ చెయ్యాలి అనేవాడు. పాత ముక్క పక్కన పారేయడమే. వచ్చిన డబ్బంతా ఇలాగే పోయేది. పెద్దయ్యాక మోలియేర్, బ్వాలో రాసినవి చదవడం కోసం ఫ్రెంచి నేర్చుకున్నాడు.

1786లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1795లో ఆ సొసైటీ ఇచ్చే కోప్లీ పతకం వచ్చింది. సత్రం నడిపేవాడి కొడుక్కి, కాలేజీ మొహం చూడనివాడికి. రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ గీశాడు, పక్కన డివైడింగ్ ఇంజన్, వెనక ఒక పెద్ద వలయం. ఒంటి మీద బొచ్చు కోటు వేశాడు. జన్మలో అలాంటి కోటు తొడగలేదని రామ్స్‌డెన్ గొణిగాడని అంటారు. ఆ హోమ్ 1791లో మద్రాసు వచ్చి, ఇక్కడి యుద్ధాలూ నవాబులూ గీసుకుంటూ ఈ దేశంలోనే ఉండిపోయాడు.

ఇంతవరకూ మంచి కబుర్లే. ఇంకో రామ్స్‌డెన్ ఉన్నాడు.

రాజు జార్జి ఫలానా తేదీకి, ఫలానా గంటకి రమ్మంటే, ఒక పరికరం పట్టుకుని సరిగ్గా అదే తేదీన, అదే గంటకి వెళ్ళాడట. ఏడాది ఆలస్యంగా. ఇది నవ్వుకునే కథ. జనరల్ విలియం రాయ్ కథ వేరు. గ్రీనిచ్, పారిస్ అబ్జర్వేటరీల మధ్య దూరం త్రికోణాల లెక్కతో తేల్చే పని రాయ్‌కి అప్పజెప్పారు. 1784లో హౌన్‌స్లో మైదానంలో ఐదు మైళ్ళకి పైగా ఆధార రేఖ కొలిచి పెట్టుకున్నాడు. ఇక కోణాలు కొలవాలి, అందుకు మూడడుగుల వలయంతో పెద్ద థియోడొలైట్ ఒకటి రామ్స్‌డెన్‌కి ఆర్డరిచ్చారు. అది రావడానికి మూడేళ్ళు పట్టింది. 1787 జులైలో వచ్చింది. 200 పౌండ్ల బరువు, అప్పటిదాకా ప్రపంచంలో అలాంటిది లేదు. కానీ రాయ్ ఆరోగ్యం అప్పటికే పాడైంది. కొలతలు అయ్యాక రాయల్ సొసైటీ ముందు పెట్టిన వ్యాసంలో రామ్స్‌డెన్ ఆలస్యాన్ని గట్టిగా ఎండగట్టాడు, రామ్స్‌డెన్ నొచ్చుకుని సొసైటీకి ఫిర్యాదు చేశాడు. 1790లో ఆ వ్యాసం ప్రూఫులు దిద్దుతూనే రాయ్ చనిపోయాడు. ఈ తగువులో నేను రాయ్ పక్షమే. పరికరం ఎంత గొప్పదైనా, దాని కోసం ఎదురుచూసే మనిషికి ఉండేది ఒక్క ఆయుష్షే.

పలెర్మో నుంచి వచ్చిన పియాజ్జి అనే ఖగోళవేత్త ఈ సంగతి కనిపెట్టినట్టున్నాడు. ఐదడుగుల పూర్తి వలయం ఆర్డరిచ్చి ఇంటికి పోకుండా లండన్‌లోనే మకాం పెట్టి, రామ్స్‌డెన్ దుకాణం చుట్టూ తిరిగి, 1789లో చేయించుకుని మరీ వెళ్ళాడు. మన హాస్టల్లో అసైన్‌మెంట్ కోసం టాపర్ గది బయట కూర్చునేవాడిలా.

ఆ వలయం గురించి ఆగి చెప్పాలి. అప్పటిదాకా అబ్జర్వేటరీల్లో గోడకి బిగించిన క్వాడ్రెంట్లు, అంటే పావు వలయాలు ఉండేవి. పావు ముక్కకి కేంద్రం కాస్త జరిగినా తెలుసుకునే దారి లేదు. పూర్తి వలయమైతే ఎదురెదురుగా రెండు మైక్రోస్కోపులు పెట్టి రెండు చోట్లా చదవొచ్చు. కేంద్రం జరిగితే ఒక పక్క ఎంత ఎక్కువ చూపిస్తుందో రెండో పక్క అంత తక్కువ చూపిస్తుంది, సగటు తీస్తే తప్పు చెరిగిపోతుంది. పూర్తి వలయమే దారి అని రామ్స్‌డెన్ పట్టుబట్టాడు. నాలుగో యాక్సిస్ బిగించేటప్పుడు మేం చేసిందీ ఈ లెక్కే. చవక చక్‌లో కడ్డీ ఎప్పుడూ నడిమధ్యన కూర్చోదు. నున్నగా గ్రైండ్ చేసిన కడ్డీ పెట్టి, డయల్ గేజ్ ఆనించి, సున్నా డిగ్రీల దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి చదివితే, తేడాలో సగమే కేంద్రం తప్పిన దూరం. తర్వాత గేజ్‌ని ఎక్స్ వెంట కొస నుంచి కొసకి నడిపి, పైనా పక్కనా రెండు చోట్లా ముల్లు కదలకుండా ఉండేదాకా టెయిల్‌స్టాక్ కింద పల్చటి రేకులు పెట్టడం. ఈ రెండూ కాకుండా డిగ్రీల సెట్టింగ్ ఎంత సరిగ్గా ఉన్నా గాడి లోతు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వస్తుంది.

పియాజ్జి తొందర ఊరికే పోలేదు. 1801 జనవరి 1 రాత్రి పలెర్మోలో ఆ వలయంతోనే నక్షత్రాల చోట్లు కొలుస్తుంటే ఒక చుక్క మర్నాటికి చోటు మారింది. సీరీస్ అని పేరు పెట్టారు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య కనిపించిన మొదటి గ్రహశకలం అదే.

మన నేలతో ఈయనకున్న సంబంధం కూడా ఒక ఆలస్యంతోనో, బేరంతోనో మొదలవుతుంది. రాయ్ థియోడొలైట్ లాంటిదే ఇంకొకటి, దానికంటే మెరుగైంది, ఈస్టిండియా కంపెనీ భారతదేశం కోసం ఆర్డరిచ్చింది. తయారయ్యాక రామ్స్‌డెన్ ఎక్కువ ధర అడిగాడు, కంపెనీ తీసుకోనంది. 1791లో డ్యూక్ ఆఫ్ రిచ్‌మండ్ దాన్ని 373 పౌండ్ల 14 షిల్లింగులకి ఇంగ్లండు ప్రభుత్వం తరఫున కొన్నాడు. ఆర్డ్‌నెన్స్ సర్వే మొదలైన తేదీగా ఆ కొనుగోలు తేదీనే చెప్తారు. మన దేశానికి రావాల్సింది వాళ్ళ దేశానికి పునాది అయింది.

అయినా ఆయన చేతి పని ఇటు వచ్చింది, చుట్టుతిరుగుడు దారిలో. చైనా చక్రవర్తికి చూపించడానికి 1793లో మెకార్ట్నీ రాయబారంతో పంపిన సామాన్లలో రామ్స్‌డెన్ చేసిన జెనిత్ సెక్టర్, వంద అడుగుల ఉక్కు గొలుసు ఉన్నాయి. జెనిత్ సెక్టర్ అంటే నడినెత్తికి దగ్గరగా వచ్చే నక్షత్రాల కోణం కొలిచేది. చక్రవర్తి వాటిని పట్టించుకోలేదు. అవి కలకత్తా చేరి విలియం లాంబ్టన్ చేతికొచ్చాయి. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి మొదలెట్టిన సర్వే అవే పట్టుకుని సాగింది. లాంబ్టన్ పెద్ద థియోడొలైట్ చేసిన విలియం కేరీ కూడా రామ్స్‌డెన్ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ సర్వే హైదరాబాదు దాకా వచ్చింది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య త్రికోణాలు కట్టడానికి లాంబ్టన్ పంపిన అసిస్టెంట్ మన అడవుల్లో జ్వరం తెచ్చుకుని మంచాన పడ్డాడు. పేరు జార్జ్ ఎవరెస్ట్. ఆ కొలతల మీద వచ్చిన పటాలు ఈ నేలని ఏలడానికి ఎంత పనికొచ్చాయో తెలుసుకుంటూనే, ఆ పటాల్లోని గీత వెనక పిక్కడిల్లీలో ఎవరో కుర్రాడు కాలితో తొక్కిన తొక్కుడు ఉందని నాకు తడుతుంది.

డివైడింగ్ ఇంజన్ కోసం అంత జాగ్రత్త పడ్డ మనిషి పెద్ద పరికరాలు ఎందుకు సమయానికి ఇవ్వలేకపోయాడు? నాకు అనిపించేది ఇది. సెక్స్టెంట్లు నాలుగైదు నమూనాలు, మళ్ళీ మళ్ళీ అవే. అక్కడ యంత్రం తొక్కితే చాలు. రాజులకీ అబ్జర్వేటరీలకీ చేసినవి ఒక్కొక్కటీ కొత్తవి, 45 అంగుళాల చక్రం మీద పట్టనంత పెద్దవి. అక్కడ ఆయన్ని ఆపే యంత్రం లేదు, ఆయనే ఉన్నాడు. పేరు తెచ్చినవి ఆ పెద్దవే. కానీ పేరు తెలియని నావికుడి చేతిలో ఉన్న చిన్న ఇత్తడి చాపమే నా దృష్టిలో పెద్ద పని.

డబ్లిన్ పక్క డన్‌సింక్ అబ్జర్వేటరీ వాళ్ళది అన్నిటికంటే పెద్ద నిరీక్షణ. 1780ల నడుమ ప్రొఫెసర్ హెన్రీ అషర్ పదడుగుల వలయం ఒకటి ఆర్డరిచ్చాడు. రామ్స్‌డెన్ పదడుగులతో మొదలెట్టి నచ్చక పక్కన పెట్టాడు, తొమ్మిది అడుగులతో ఇంకోటి మొదలెట్టి అదీ వదిలేశాడు, చివరికి ఎనిమిదికి దిగాడు. 1790లో అషర్ చనిపోయాడు. అతని తర్వాత వచ్చిన బ్రింక్లీ ఎదురుచూడడం మొదలెట్టాడు.

రామ్స్‌డెన్ ఆరోగ్యం దెబ్బతిని సముద్రపు గాలి కోసం బ్రైటన్ వెళ్ళాడు. 1800 నవంబరు 5న అక్కడే పోయాడు, సీరీస్ కనిపించడానికి రెండు నెలల ముందు. మిగిలిన ఆస్తి కొంచెమే, అందులో చాలా భాగం పనివాళ్ళకి రాసి పోయాడు. దుకాణం ఫోర్‌మన్ మాథ్యూ బెర్జ్ చేతికొచ్చింది. డివైడింగ్ ఇంజన్ తర్వాత అట్లాంటిక్ దాటి, చేతులు మారి, ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. ఎనిమిది అడుగుల వలయాన్ని బెర్జ్ పూర్తి చేశాడు. 1808లో అది డన్‌సింక్ చేరింది.